వకీలు పాలసీ, ఒక ఆమేన్

రెండువేల ఎనిమిది ఎండాకాలం, గాళెప్పా, నేను ఆ పాలసీ కట్టింది. ఇప్పుడు నువ్వు అదే కాగితం చేతిలో పట్టుకోనొచ్చి, సంతకం పెట్టేదా వద్దా అని నన్నడుగుతాండావు. అడిగేదానికి మన బ్రూస్‌పేటలో ఇంకెవురూ దొరకలేదా నీకు?

కూచో. టీ తాగు.

పాలసీ మంచిదే. పనిచ్చిన యజమానితో తగాదా వస్తే, వకీలు ఖర్చు ఇన్సూరెన్సు కంపెనీ పెట్టుకుంటాది. అప్పుడు యాడ చూసినా ఎర్రదుమ్ము, టిప్పర్లు, గనుల దుడ్డు. పొద్దున పనిలోకి తీసుకున్నోడు సాయంత్రానికి పొమ్మనేవాడు. ఏజెంటు అక్షత ఇంటికొచ్చి చెప్తే, సరే కడదామనుకున్నా.

ఆ పిల్ల చదివి చెప్తానంటే వద్దన్నా. రాత్రిబడిలో అక్షరాలు నేర్చినోణ్ణి కదా, ఊరికే ఉంటానా? కండ్లద్దాలు పెట్టుకోని, వేలు పెట్టి చదివినా. ఒక షరతు కాడ ఆగినా. ‘మమ్మల్ని అడక్కుండా ఎదుటివారితో రాజీ పడకూడదు.’

నవ్వొచ్చింది నాకు. ‘నేనా అమ్మా, రాజీ పడేది? మా హన్నాను అడుగు. పెండ్లయిన కొత్తలో కూరలో ఉప్పు గురించి మొదలైన జగడం ఇంకా తెగలేదు’ అన్నా.

యేసుబాబు తెలుసు కదా నీకు? మా సంఘమోడే. వాళ్ల నాయనా నేనూ చర్చిలో ఒకే బెంచీ. గనులు లేచినంక వాడు టిప్పర్లు కొన్నాడు, షెడ్డు వేసినాడు, డీజిల్ పీపాలకు నన్ను కాపలా పెట్టినాడు. ఒకరోజు డీజిల్ తక్కువైంది. ‘చిన్నాయనా, తాళంచెవి నీకాడనే కదా ఉండేది’ అన్నాడు. డ్రైవర్లందరి ముందర దొంగను చేసి పంపించినాడు.

నేను తీయలేదప్పా. నమ్ముతావా? తల ఊపుతాండావులే, టీ మాది కాబట్టి.

కంపెనీ నమ్మింది. కౌల్ బజార్‌లో ఒక వకీలును పెట్టి, యేసుబాబు మీద కేసు వేయించింది. ‘గెలుస్తాం పెద్దాయనా. నువ్వు నోరు మాత్రం తెరవొద్దు’ అన్నాడాయన. నేను నోరు మూసుకునేదానికి ఆయనకు ఫీజు.

మా సంఘంలో ఒక పద్ధతుండాది. ప్రభు సంస్కారం తీసుకునే ముందు, ఎవురితోనన్నా పగుంటే అందరి ముందర చెయ్యి కలిపి, క్షమించినానని చెప్పల్ల. చెప్పకుంటే రొట్టె ముట్టకూడదు. నేను చెప్పలేదు. సంస్కారం ఆదివారమొస్తే వెనక బెంచీలో కూచునేవాణ్ణి. హన్నా కూడా లేవకుండా నా పక్కనే కూచునేది. ఒక్క మాట అనేది కాదు. అనుంటే బాగుండు, నేనూ ఒకటి అనేవాణ్ణి.

ఒక ఆదివారం యేసుబాబే లేచొచ్చినాడు. ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు, కండ్లలో నీళ్లు. చెయ్యి చాచినాడు. జనమంతా వెనక్కి తిరిగినారు. అప్పుడు నాకేమనిపించింది తెలుసా? వీడు నాకంటే పెద్ద భక్తుడైపోతాండాడే అనిపించింది. అంతే. ప్రేమ లేదు, ఏమీ లేదు. వాడి చెయ్యి రెండు చేతులతో పట్టుకోని, పైకప్పు అదిరేట్టు ‘నిన్ను క్షమించినాను’ అన్నా. వాడు మెల్లగా ‘నేనూ నిన్ను క్షమించినా చిన్నాయనా’ అన్నాడు.

నేను ‘ఆమేన్’ అన్నా. వాడికంటే గట్టిగా.

కోర్టులో వాడి వకీలు అడిగింది ఒకటే. ‘తప్పు చేయనోడైతే, క్షమించినానంటే ఆమేన్ ఎందుకంటాడు?’ మా పాస్టరయ్యగార్ని సాక్షికి పిలిచినారు. ఆయన అబద్ధమాడతాడా? ‘అన్నాడు. గట్టిగానే అన్నాడు’ అని చెప్పినాడు. నా వకీలు నా తట్టు ఎట్ల చూసినాడంటే, ఆ డీజిల్ నేనే తాగి వచ్చినట్ల చూసినాడు.

అక్షత ఇంటికొచ్చింది. ‘తాతా, మాకు చెప్పకుండా రాజీ పడినారు కదా’ అనింది. ‘రాజీ ఏందమ్మా, అది సంస్కారం’ అన్నా. పాపం, ఆ పిల్లేం చేస్తాది? ‘మా ఆఫీసోళ్లకు ఆ తేడా ఎట్ల చెప్పేది తాతా?’ అనింది. కంపెనీ చెయ్యి తీసేసింది. కింది కోర్టులో ఓడిపోయినా.

అప్పుడు తెరిచింది హన్నా నోరు. ‘నువ్వు తీయలేదని నాకు తెలుసు. అది చాలదా?’ అనింది.

చాలదన్నా. పైకోర్టుకు పోయినా. ఈసారి వకీలూ నేను పెట్టినోడే, ఖర్చూ నాదే.

నవ్వు, నవ్వు. నేనైనా నవ్వుతా.

నువ్వు సంతకం పెట్టప్పా. నీకేం భయం? మీ గుళ్లో పూజారి హారతిచ్చి పంపిస్తాడు, పగోని చెయ్యి పట్టుకోమనడు. పాలసీలో తప్పేం లేదు. నాలాంటోడు కట్టకూడదు, అంతే.

ఈ ఇల్లా? మాది కాదప్పా, బాడుగది. పైకోర్టులో కూడా ఓడిపోయినా. గాంధీనగర్‌లో హన్నాకు వాళ్ల నాయన రాసిచ్చిన ఇల్లు అమ్మి, వకీలుకు కట్టినాం.