గోద తొట్టి

ఆ రాతితొట్టి పారేయద్దు లీలావతీ, ఆడనే ఉండనీ. దాని సంగతి నీకు తెలీదు గదా. కూర్చో, చెప్తా. విజయ నామ సంవత్సరం, అధిక వైశాఖ బహుళ ఏకాదశి, శనివారం, సాయంత్రం సరిగ్గా అయిదున్నర. ఇంగ్లీషు లెక్కకు యాభైమూడు, మే నెల. ఆ పొద్దే మా కృష్ణస్వామి చిన్నాయన ఆ తొట్టి ముందర కూర్చొని వ్రతం చెరుపుకున్నాడు. బుద్ధెరిగినాక ఒక్క ఏకాదశి తప్పని మనిషి!

ఎందుకంటే, కరువమ్మా. ఊళ్లో గడ్డిపరక లేదు. మా ఆవు గోద పక్కటెముకలు దూరం నుంచే లెక్కబెట్టొచ్చు. ద్వాదశి తెల్లారి దళారి రంగయ్య వచ్చి సంతకు తోలుకపోతాడని మాట అయిపోయింది. సంతలో కొనేదెవరో అందరికీ తెల్సు, ఎవరూ నోటితో అనరు. చిన్నాయన నంద్యాల కట్టెకోత మిల్లులో గుమాస్తా. ఆడ ఆనందరావని ఇంకో గుమాస్తా, "యుద్ధంలో దొరలు చెక్కపొట్టు సోడాకారం నీళ్లలో నానేసి గుర్రాలకు పెట్టినారంట స్వామీ" అన్నాడంట. అంతే, సెలవు పెట్టి, బూరుగమాను కోసిన పొట్టు గోతానికెత్తుకొని బస్సెక్కినాడు. టేకు పొట్టు చేదు, బూరుగ మెత్తన. కండక్టరు నవ్వినాడంట, "ఏంది స్వామీ, పరుపు కుట్టిస్తాండావా?" అని.

మూడు దినాలు ఆ తొట్టిలోనే, సోడాకారానికి బదులు బూడిద తేటనీళ్లలో నానేసినాడు. పిండి, కడిగి, గుప్పెడు తవుడు, బెల్లం, ఉప్పు కలిపి పెట్టినాడు. గోద వాసన చూసి మొగం తిప్పుకునె. మా శ్రీరంగమ్మ పిన్నమ్మ ఊరుకుంటుందా? "గోమాతకు రంపపుపొట్టు పెడ్తాండావు, ఈ పాపం యాడ కడుక్కుంటావు?" అనె. చిన్నాయన ఒక పిడికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. "అయ్యో, ఏకాదశి!" అని పిన్నమ్మ అరిచేలోగా నమిలి మింగేసినాడు. కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. "నాలుక కాల్తాందే. బూడిద కారం ఇంకా పోలేదు. ఆవు నోరు చెప్పదు గదా, నా నోటితో తెల్సుకున్నా" అన్నాడు.

ఇంకా కడగాలంటే నీళ్లేవి? బావి అడుగంటింది. ద్వాదశి స్నానాలకని పిన్నమ్మ మడిగా దాచిన రెండు బిందెలే ఉండాయి. ఆమె లోపలికి పోయి, ఒకటి తర్వాత ఒకటి తెచ్చి, తానే తొట్టిలో కుమ్మరించింది.

ఆ మేతతోనే, దొరికినంత తవుడు కలుపుకుంటా, వానలు పడేదాకా నెట్టుకొచ్చింది గోద. అది తర్వాతి మాటలే.

తెల్లారి ద్వాదశి. ఎవరం స్నానం చేయలే. తడిగుడ్డతో మొగాలు తుడుచుకొని, తొట్టిచుట్టూ నిలబడినాం. గోద మూతి పెట్టింది, ఆగింది, మళ్లీ పెట్టింది. తొట్టి నాకే చప్పుడు వినబడినాక పిన్నమ్మ వాకిట్లోకి పోయి, "రంగయ్యా, ఇంక రాబాకప్పా" అని మజ్జిగిచ్చి పంపించింది. ఉపవాసం విడిచే పారణకు కూర్చున్నాం. చిన్నాయన గడపకాడనే నిలబడి, "నా వ్రతం చెడింది, నాకేం పారణ? మీరు కానీండి" అన్నాడు. పిన్నమ్మ ఆయన విస్తరి తెచ్చి అందరికంటే ముందర వేసి, మొదట ఆయనకే వడ్డించింది.