పేరు కోరే మనిషి

జి.మాడుగుల పైన కాఫీతోటలో, డిగ్రీ చదివే మనవరాలు మామ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

“పచ్చికాయలు దూసీకు మామ్మా! ఎర్రపళ్లకే మంచి రేటని మూడేళ్లుగా చెప్తన్నా, వింతన్నావేటి?”

“పండీదాకా ఎవలు కాత్తారే?”

“పూర్వం చైనాలో రాజుల్ని ఒప్పించీవోళ్ల కిటుకు నిన్ననే చదివాను! పేరు కోరే మనిషి దగ్గర లాభం మాటే ఎత్తకూడదంట!”

“అయితే నాకేటి?”

“ఎర్రపళ్లయితే బస్తా మీద నీ పేరు రాస్తారు మామ్మా!”

“నా పేరే? సంతలో అందరికీ అవుపించీలాగ?”

“ఇంతింత అచ్చరాలతో!”

మామ్మ వేళ్లు పచ్చికాయల్ని వదిలేసి ఎర్రపళ్ల మీదికి ఉరికాయి. మనవరాలు ఎగిరి గంతేసింది. గంప బేగి నిండింది.

“నీయంత తెలివైన గుంట ఈ కొండల్లోనే లేదే. ఒక్క పండైనా రాలకుండా ఈ గంప దించాలంటే నీ వల్లే అవుద్ది.”

మనవరాలు పొంగిపోయి గంప నెత్తికెత్తుకుంది. సగం వాలు దిగాక గాని మామ్మ కిటుకు ఆమెకు వెలగలేదు.

“మామ్మా! ఆ రాజుల దగ్గరికి నిన్ను పంపాల్సిందే!”