పెడల్ మీద కాలు

షెడ్డులో పాత కారు. చక్రం దగ్గర మొగుడు, స్టీరింగు ముందు పెళ్ళాం. గుమ్మం పక్కన పీట మీద మనవరాలి గౌను కుడుతూ అతని తల్లి. కొడుకు గొంతు లేచినప్పుడల్లా ఆవిడ సూది ఆగుతోంది.

“తొక్కు.”

“తొక్కాను.”

“పట్టుకో… వదులు. మళ్ళీ తొక్కు. ఎలా ఉంది?”

“మెత్తగానే ఉందండీ. దూది మీద కాలేసినట్టు.”

“పొద్దుట్నుంచీ ఇదే పాట! సీసాడు బ్రేక్ ఆయిల్ తాగింది, ఇంకా మెత్తన ఏంటి?”

“లోపల గాలి పోవట్లేదండీ. గాలి పైకే కదా చేరేది? గాలి వదలడానికి మీరు విప్పుతున్న ఆ స్క్రూ చూడండి, కిందికి ఉంది. డిస్క్‌ని పట్టి ఆపే క్యాలిపర్లు, కుడివైపుది ఎడమకీ, ఎడమది కుడికీ బిగించారేమో…”

“ఏంటీ?”

“డబ్బాలో వచ్చిన కాగితంలో బొమ్మ ఉంది. స్క్రూ పైన—”

“దిగు. కిందికి దిగు! పాత డ్రమ్ము బ్రేకులు పీకి పారేసి, డిస్క్ బ్రేకులు నా చేత్తో బిగించాను. కాగితం చదివి నువ్వు నాకు నేర్పుతావా? పెట్టు చెయ్యి. ఈ బానెట్ మీద పెట్టు!”

“వద్దండీ, వద్దు… అమ్మా!”

“ఒరేయ్! రెంచితోనా కొడతావు? వేళ్ళు విరుగుతాయిరా!”

“విరగాలనే కొట్టాను. నోర్ముయ్యమ్మా, లేకపోతే తర్వాత నీ వంతే.”

“మీ నాన్నా ఇదే మాట అనేవాడు.”

“అంటే?”

“ఏం లేదు. ఒక్కసారి ఆ రెండూ విప్పి మార్చి చూడరాదూ? గంట పని.”

“విప్పను! ఇదిగో, నేను తొక్కుతున్నా. ఒకటి, రెండు, మూడు. రాయిలా ఉంది!”

“మూడుసార్లు తొక్కితే గట్టిపడుతుందండీ. పాత డ్రమ్ములప్పటి అలవాటు మీకది. కొండ దిగేటప్పుడు మూడుసార్లు తొక్కే టైముంటుందా?”

“ఇంకా వాగుతున్నావా? రెండో చెయ్యి కూడా ఇస్తావా? కొండెక్కి ఒక్క ఊపులో దిగి చూపిస్తా. పాపని పిలు. ముందు సీట్లో కూర్చోబెడతా.”

“పాప వద్దండీ! మీ కాళ్ళు పట్టుకుంటా, నన్ను ఎక్కించుకోండి, పాప వద్దు!”

“వదులు కాళ్ళు! తన్నానంటే గోడకి అతుక్కుంటావ్. అమ్మా, నేను చక్రాల నట్లు బిగిస్తుంటా, నువ్వెక్కి తొక్కు. దీని మాట నాకక్కర్లేదు.”

“నేనా?”

“నువ్వే. నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచీ నువ్వు నాకు అబద్ధం చెప్పలేదు. ఒక్కసారే తొక్కు. ఎలా ఉంది?”

“ఆగరా, ముసలి కాలు. పాపని వదిలేసి వెళ్ళు. దానికి ఒళ్ళు వెచ్చగా ఉంది.”

“సరే, సాయంత్రం తిప్పుతా దాన్ని. ముందు ఇది చెప్పు. గట్టిగా ఉందా, లేదా?”

“గట్టిగా ఉంది నాయనా. రాయిలా ఉంది.”

“విన్నావా, చదువుల తల్లీ? పక్కకి జరుగు! వెళ్ళొస్తానమ్మా.”

“ఇలా రా. నుదుటి మీద గ్రీజు, తుడవనీ… ఊఁ. వెళ్ళు.”

“అత్తయ్యా! కారు మలుపు తిరిగిపోయింది… అత్తయ్యా, మీరు తొక్కినప్పుడు పెడల్ నేలకి తగిలింది. నేను చూశాను!”

“నా కాలికి తెలియదా అమ్మా? చెయ్యి ఇలా తే, కట్టు కడతాను.”