ఫారంలో లేని గడి

మీరెవరూ ఆ నీళ్లు తాగరు. నల్లా నీళ్లు శుభ్రమని ఊరంతటికీ కాగితాలిచ్చే మనం, ఈ సుబేదారి హాల్లో మన ముందు పెట్టుకున్నవి సీసా నీళ్లు. అధ్యక్షులు రాజేశ్వర్ రావు గారూ, వేదిక మీది పెద్దలూ, మన నీటి పరీక్షల ల్యాబ్ మిత్రులూ, ముందు నమస్కారం పెట్టనందుకు మన్నించండి. పెడితే చప్పట్లు కొట్టి మిగతాది మర్చిపోతారు. (కొందరి నవ్వు)

ఈ రోజు రిటైరవుతున్న రూతక్క ముప్పై ఒక్క ఏళ్లు మైక్రోస్కోపు మీద వంగి మెడ అరగదీసుకుంది. మన ఆచారం మీకు తెలియంది కాదు: పంప్‌హౌస్ పక్క నల్లాలో శాంపిల్ పట్టడం, మందు చుక్క వేయడం, పసుపు రంగొస్తే క్లోరిన్ ఉందని పాస్ రాయడం. క్లోరిన్‌కు చావని పరాన్నజీవులున్నాయని అక్క చెప్పినప్పుడల్లా టీ తాగుదాం పద అన్నది మనమే.

పోయిన వానాకాలం, అక్కకు తెలిసిన బస్తీ మనిషి బక్కమ్మ మనవరాలు స్రవంతికి, నాలుగేళ్ల పిల్లకు, విరేచనాలు ఆగలేదు. అక్క ఆటోలో వెళ్లి, వాళ్ల బస్తీ చివరి నల్లాలో పది లీటర్ల క్యాను నింపి తెచ్చి, వడగట్టి చూసింది. పరాన్నజీవుల గుడ్లు కనిపించాయి. రిపోర్టు ఫారాలు నింపి సంతకం పెట్టే నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఫారంల దీనికి గడి లేదు. యాడ రాయాలె?" అన్నాను.

"గడి లేకుంటే అంచున రాయి తమ్మీ. జాగ లేదని అవి కడుపులకు పోకుండ ఆగుతయా?"

నేను అంచు ఖాళీగా వదిలి పాస్ మీద సంతకం పెట్టాను. పదకొండో రోజు ఆ పిల్ల దవాఖానలో పోయింది. ఆ నీళ్ల వల్లే పోయిందని ఎవరూ తేల్చలేదు. తేల్చాల్సిన కాగితం మీద ఉన్నది నా సంతకమే.

వెనక వరుసలో కూర్చున్నది బక్కమ్మ. అక్క పిలిస్తే వచ్చింది. మీలో ఇద్దరు ఆమెను వంటమనిషి అనుకుని గ్లాసులు తెమ్మన్నారు.

అక్కకు శాలువా కప్పారు, సంతోషం. ఓపిగ్గా విన్నారు, కృతజ్ఞతలు. ఇక అడగాల్సినవి:

ఒకటి, శాంపిల్ చివరి నల్లాలో పట్టాలి.

రెండు, పరాన్నజీవులకు ఫారంలో గడి పెట్టాలి, నెలనెలా పరీక్ష చేయాలి.

మూడు, ఏం తేలిందో ఆ గల్లీ గోడకే అంటించాలి.

నాలుగు, అక్క కుర్చీలో వచ్చే నెలకల్లా మనిషిని వేయాలి.

ఐదు, అక్క ఆనాడు చూసింది ఈ పొద్దున ఆ ఫారం అంచున, నేటి తేదీ వేసి, నా చేత్తో రాశాను. నన్నేం చేసుకున్నా సరే, ఆ అంచు చింపకండి.

సెలవు.