కాజాలావిడ మచ్చ

ఆస్పత్రి మూడో అంతస్తులో చర్మపు ముక్కల్ని పరీక్షించే గది. మైక్రోస్కోపు ముందు కోడలు, డాక్టరు. ఎదురు కుర్చీలో కుట్టుషాపు నడిపే అత్తగారు, తలుపు తట్టే అలవాటు ఆవిడకు ఏనాడూ లేదు.

“నాలుగు ముక్కలు రాసివ్వడానికి ఇంత బెట్టు దేనికి అమ్మాయ్? ‘ఈ రోగమున్న మనిషి షాపు గడప తొక్కకూడదు’ అని రాసి, కింద సంతకం గీకు. అంతే!”

“రాస్తున్నాను కదా అత్తయ్యా. ఎప్పటికీ తొక్కకూడదా, నయమయ్యేదాకానా?”

“దానికి నయమేమిటి, నా మొహం! సరే, ‘నయమయ్యేదాకా’ అనే తగిలించు. డాక్టరమ్మవి, నీ ముచ్చటెందుకు కాదనాలి.”

“కాజాలావిడ తొమ్మిదేళ్ళనించీ మీ దగ్గర కాజాలు కుడుతోంది. ఇద్దరు పిల్లల్ని ఆ కాజాల మీదే చదివిస్తోంది. ఈ పని పోతే ఏం చేస్తుంది?”

“ఏమన్నా చేసుకోనీ. తొమ్మిదేళ్ళు నా ఎదురుగా కూర్చుని, నేను పీల్చే గాలే పీల్చింది. మోచేతి మీద అరచేతంత మచ్చ! పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కుని దాచింది మహాతల్లి.”

“దాచలేదు. ముందు మీకే చూపించింది.”

“చూపిస్తే? ముద్దు పెట్టుకోనా?”

“ఊరంతా చాటారటగా.”

“చాటానా! జాగ్రత్త పడమన్నాను. గుండీలు కుట్టే ఆవిడకి, ఇస్త్రీ అతనికి, కింద బేకరీ వాళ్ళకి...”

“బేకరీ వాళ్ళకెందుకు?”

“టీ అక్కణ్ణించే కదా తెచ్చుకుంటుంది! వాళ్ళ కప్పులేం కావాలి?”

“జలుబు చేసిందా అత్తయ్యా? ముక్కుతో మాట్లాడుతున్నారు.”

“ఏడాదినించీ ఇంతే, బట్టల దుమ్ము. మాట మార్చకు. అన్నట్టు, నా చెవితమ్మె మీద కొవ్వుగడ్డ ముక్క కోశాడుగా చర్మం డాక్టరు, అదీ నీకే పంపానన్నాడు. ఆ కాగితం కూడా పారెయ్యి, పట్టుకుపోతాను.”

“ఆ గడ్డ చూపించుకోమని మీకెవరు చెప్పారు?”

“ఎవరో చెప్పార్లే.”

“ఎవరు?”

“ఎవరైతే ఏమిటి! ఆ కాజాలదే. ‘మీ చెవులు బరువెక్కుతున్నాయండీ, చూపించుకోండి’ అని ఒకటే పోరు. నా చెవుల మీద దాని కళ్ళెందుకో!”

“ఆవిడదీ మీదీ, రెండు ముక్కలూ ఇక్కడే ఉన్నాయి. చూస్తారా?”

“గాజుముక్కల్లోకి తొంగిచూస్తే నీకు జీతమిస్తారు, నాకెవడిస్తాడు? ...ఏదీ, జరుగు.”

“కళ్ళజోడు తీసి చూడండి. ఇది మొదటిది.”

“ఛీ! ఇదేమిటి, నీలంగా, గుంపులు గుంపులుగా మూగి?”

“ఒంట్లో కాపలా కణాలు. రోగక్రిమి మీద ఎగబడ్డాయి. మధ్యలో పీలికలైన దారంలా ఉందే, అది నరం. కొట్లాటలో నలిగిపోయింది. అందుకే మచ్చ మీద గిల్లినా తెలీదు.”

“నువ్వు చెప్పక్కర్లేదు, ఇది దానిదే. లోపలా అంతే, బయటా అంతే. కంపరమెత్తుతోంది.”

“రెండోది చూడండి.”

“ఆఁ, ఇదీ చర్మమంటే! పైన నున్నగా ఉంది. దానికింద ఖాళీ గీత. ఆ కింద సబ్బునురగలా తెల్లతెల్లగా. కొట్లాటా లేదు, పాడూ లేదు. ఇది నాది.”

“ఎలా చెప్పగలరు?”

“అరవై దగ్గరపడుతున్నా నా మొహం మీద ముడతుందా? ఏం రాస్తారండీ అని ఆడవాళ్ళంతా నన్నే అడుగుతారు. మచ్చా, మరకా...”

“కనుబొమ్మలు?”

“పెన్సిలుతో దిద్దుకుంటాను. అందరూ దిద్దుకుంటారు. నీకెందుకు?”

“సరిగ్గానే పోల్చుకున్నారు. అది మీదే.”

“చెప్పలా!”

“అదే ముక్కకి ఇంకో రంగు వేశాను, క్రిములకి మాత్రమే ఎర్రగా పట్టే రంగు. ఉండండి, చూపు సరిచేస్తాను. ఇప్పుడు చూడండి.”

“అబ్బో! గుండుసూదుల డబ్బా ఒలకబోసినట్టుంది. ఎర్రెర్రగా, కట్టలు కట్టలుగా... వేలున్నాయి! చూశావా, చూశావా! ఇదీ నువ్వు వెనకేసుకొచ్చే మనిషి బండారం!”

“‘అదే ముక్క’ అన్నాను అత్తయ్యా.”

“ఏ ముక్క?”

“మీరు నాది అన్న ముక్క. కాజాలావిడ ముక్కలో గంటసేపు వెతికితే ఒక్క క్రిమి దొరికింది.”

“...మారిపోయుంటాయి. మీ గాజుముక్కలు మారిపోయుంటాయి. ఏ పని తిన్నగా చేశారు గనక!”

“మారలేదు. మీ పేరు చూసి నేనూ నమ్మలేదు. మూడుసార్లు మొదటినించీ చూశాను.”

“నాకు మచ్చేదీ? ఒక్క మచ్చ చూపించు!”

“ఇద్దరిదీ ఒకటే రోగం. మచ్చ పడిందంటే ఒళ్ళు ఎదురుతిరిగిందని. ఆవిడ ఒళ్ళు ఎదురుతిరిగింది. మీ ఒళ్ళు తలుపులు తీసి, కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఆ నురగంతా క్రిముల్ని మింగి అరిగించుకోలేకపోయిన కణాలే. నున్నటి మొహం, బరువెక్కిన చెవులు, రాలిన కనుబొమ్మలు, బిగిసిన ముక్కు, అన్నీ దాని పనే. దీన్నే కుష్ఠు...”

“ఆ మాట అనకు!”

“ఆమధ్య వేల్లో సూది దిగితే...”

“ఆపు.”

“...మీకు తెలీలేదు. మీరు కుడుతున్న చొక్కా మీద నెత్తురు చూసి కాజాలావిడే పీకింది. ఆవేళే నాకు ఫోన్ చేసింది, ‘మా మేడమ్ చెవులొకసారి చూడండమ్మా’ అని. తన మచ్చ సంగతి ఆ తర్వాత ఎత్తింది.”

“అయితే... అదే నాకంటించింది.”

“ఒక్క క్రిమి ఉన్నావిడా? ఎవరినించి ఎవరికో నేను చెప్పలేను. తొమ్మిదేళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఒకే గాలి పీల్చామని మీరే అన్నారు. ఇది ఎక్కువగా ముక్కులోంచే అంటుతుంది; ముక్కు బిగిసింది మాత్రం మీకు.”

“...నయమవుతుందా?”

“ఎందుకవదు! ఆవిడకి ఆర్నెల్ల మందు, మీకు ఏడాది. మొదలెట్టిన కొద్దిరోజులకే ఇంకొకరికి అంటడం ఆగిపోతుంది. ఆవిడ వారంనించీ మింగుతోంది.”

“మావాడికి చెప్పావా?”

“లేదు.”

“చెప్పకు. ఎవ్వరికీ చెప్పకు. బేకరీ వాళ్ళకి తెలిస్తే... అమ్మాయ్, ఇంక నా షాపు మెట్లెక్కేదెవరు?”

“ఎంత భయపడాలో వాళ్ళకి మీరే నేర్పారుగా.”

“వెటకారాలొద్దు. నేను పోతాను. ఆ కాగితం ఇటియ్యి.”

“అయిపోయింది. ‘ఈ రోగమున్న మనిషి నయమయ్యేదాకా షాపు గడప తొక్కకూడదు.’ మీ మాట పొల్లుపోకుండా రాశాను. పేరొక్కటే ఖాళీ ఉంచాను అత్తయ్యా. ఎవరిది రాయమంటారు?”