కిటికీలో గ్లాసు

రేడియో స్టేషన్ హాల్లో నిచ్చెనెక్కి గోడకు ఫోటోలు అంటిస్తున్న ఆవిడ శ్రోతల సంఘాన్ని నడిపే అక్క. కింద టేపు పట్టుకుని నిలబడింది టీబీ మీద వచ్చే నాటకంలో డాక్టరమ్మకు గొంతిచ్చే మనిషి.

"అది వద్దక్కా. పక్కన పెట్టెయ్."

"ఏదే?"

"అదే... కిటికీలో గ్లాసుది. మసకమసగ్గా ఉంది. చూసేవాళ్ళకేం అర్థమవుతుంది?"

"భలేదానివే. శ్రోతలంతా కలిసి మొదట ఏరుకున్నది ఇదే. నట్టనడుమ పెట్టమన్నారు."

"వాళ్ళకేం తెలుసక్కా..."

"ఆ మాట నువ్వంటున్నావా? మనం వెళ్ళి అడిగితే మనకు నచ్చేదే చెప్తారు, కెమెరాలు వాళ్ళ చేతికే ఇద్దాం, నాటకం విన్నాక ఇంట్లో ఏం మారిందో వాళ్ళనే ఫోటో తీసుకురమ్మందాం, ఏది గోడకెక్కాలో కూడా వాళ్ళే తేల్చుకుంటారు అని నా ప్రాణాలు తోడేసింది ఎవరు?"

"నేనే. కాదన్నానా? ఈ ఒక్కటీ..."

"టేపు ఇటివ్వు."

"ఇవ్వను."

"ఇదేం చోద్యమే. ఇంకాసేపట్లో అంతా వచ్చేస్తారు. ఒక్కో ఫోటో చూపిస్తూ మాట్లాడాల్సింది నువ్వేగా."

"అందుకే వద్దంటున్నా. దాని ముందు నిలబడి నేను మాట్లాడలేను."

"ఏమైందే? మొహం అలా పాలిపోయిందేం?"

"ఆ నీలం కర్టెన్ చూశావా?"

"చూశా. అయితే?"

"దాని అంచు నేనే కుట్టాను."

"అంటే... ఇది మీ ఇల్లా?"

"పెరటివైపు కిటికీ. ఆ గ్లాసు మా అత్తయ్యది."

"మీ అత్తగారికి టీబీనా? ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? నయమైపోయింది కూడా. ఇంక ఎవరికీ అంటదు, అందరితో కలిసి తినొచ్చు అన్నారు ఆస్పత్రిలో."

"మరి గ్లాసు విడిగా కిటికీలో ఎందుకుంది?"

"పిల్లలున్నారు కదా అని..."

"గ్లాసుల వల్ల, కంచాల వల్ల అంటుకునే జబ్బు కాదని వారం వారం రేడియోలో చెప్పేది నువ్వే కదే."

"చెప్తాను. చెప్పి ఇంటికెళ్ళి, ఆ గ్లాసులో పైనుంచి నీళ్ళు పోస్తాను, చెయ్యి తగలకుండా. సిగ్గుతో చచ్చిపోతున్నానక్కా. ఇంకేం అడక్కు."

"సరే, అడగను. కళ్ళు తుడుచుకో."

"ఇదంతా పక్కింటావిడ పని. నా గొంతు రేడియోలో వస్తుంటే కళ్ళల్లో నిప్పులు పోసుకుంటుంది. చాటుగా పెరట్లోకొచ్చి తీసుంటుంది."

"పక్కింటావిడ కాదు."

"మరెవరు?"

"ఒక పెద్దావిడ. బాగా సన్నం. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడింది. ఎవరింటి మనిషో చెప్పలేదు."

"అత్తయ్యా? ఆవిడకి కెమెరా పట్టుకోవడమే రాదే."

"నేనే నేర్పాను. ఎవరో తెలీక."

"నామీద చెప్పిందా? అందరి ముందూ?"

"నీ పేరెత్తలేదు. ఒక్క చెడ్డ మాటన్నా అనలేదు."

"మరేమంది?"

"వద్దులేవే."

"చెప్పక్కా. ఇంకా పోవడానికి నా దగ్గరేముంది?"

"నాటకం విన్నాక మీ ఇంట్లో ఏం మారిందమ్మా అని అడిగాను. 'పాపం, తెలియక చేస్తోందిలే అని ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నాను. రేడియోలో విన్నాక తెలిసింది, దానికన్నీ తెలుసని' అంది."