మా తమ్ముడు ఎక్కిన కోటలు

"మేడ మీది దొరసానీ, కిటికీలెన్నమ్మా?
కిటికీ కిటికీకీ దీపాలెన్నమ్మా?
గుర్రమెక్కి వచ్చేదీ..."

వచ్చేది ఎవరో గుర్తు లేదు. తాడాట ఆడుతూ పాడుకునేవాళ్ళం. సరిగ్గా ఆ గుర్రం దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరి కాలికి తాడు తగిలి ఆట ఆగిపోయేది. అందుకే మిగతా పాట నేను నేర్చుకున్నదే లేదేమో. కానీ లెక్కపెట్టలేనన్ని కిటికీలున్న మేడ నిజంగా ఎక్కడైనా ఉంటుందా అని అప్పట్నించీ నాకో ఆశ్చర్యం. ఇన్నేళ్ళకి టూరు వాళ్ళు పంచిన కాగితంలో దాని బొమ్మ కనబడింది. బొమ్మ కింద ఉన్నది కూడబలుక్కుని నేనే చదువుకున్నాను. మొఘలు పాదుషాల ఊళ్ళు, రాజపుత్ర రాజుల కోటలు, వారం రోజుల యాత్ర, వెంట గైడు. గులాబీ రంగు ఊళ్ళో వీధి వైపు గోడంతా కిటికీలే ఉన్న మేడ ఉందట. రాణులు అందులోంచి వీధిని చూసేవారట, వీధిలో పోయేవాళ్ళకి మాత్రం రాణులు కనబడేవారు కారట.

వెళ్తానన్నాను. మా అబ్బాయి నా మొహం చూడకుండా మోకాలి వంక చూశాడు.

"కోటలంటే మెట్లమ్మా. మావయ్య పోయిన నెలే వెళ్ళొచ్చాడుగా, ఆయన్ని అడుగుదాం. నువ్వు ఎక్కగలవని ఆయనంటే ఇప్పుడే సీటు చెప్పేస్తాను. ఒక్కటే మిగిలిందిట. కొట్లు మూసే లోపల ఏదో ఒకటి తేల్చమన్నారు."

వాడి తప్పు లేదు. లోకంలో ఎవరైనా అలాగే అనుకుంటారు, చూసొచ్చినవాణ్ణి అడిగితే తెలుస్తుందని. కానీ చూసొచ్చినవాడు మా తమ్ముడు! వాడి నోట్లోంచి ఒక్క నిజం బయటికి రావాలంటే ముందు ఏనుగులూ గుర్రాలూ ఊరేగింపుగా వెళ్ళిపోవాలి.

మా తమ్ముడు దర్జీ. గుడ్డ దగ్గర పావంగుళం తేడా రానివ్వడు. మెళ్ళో టేపు, చెవి మీద సుద్దముక్క, కొట్టు ముందు రెండు బెంచీలు. వెనక మిషను మీద మా మరదలు అంచులు కుడుతూ ఉంటుంది. ఎదురు హోటల్లోంచి టీ వచ్చే వేళకి ఆ బెంచీలు నిండిపోతాయి. మేం వెళ్ళేసరికి పక్క కొట్టు వాచీల మెకానిక్ కంటి అద్దం నుదుటి మీదికి తోసుకుని కూర్చునే ఉన్నాడు. లెక్కల మాస్టారు నడుం దగ్గర బిగుతైన పంట్లాము వదులు చేయించుకోడానికి వచ్చి, గ్లాసు పట్టుకుని కాచుకుని ఉన్నారు.

"రా అక్కా రా, ఆ స్టూలు లాక్కో. టూరు గురించేగా? గైడుని అడిగితే ఏం లాభం, వాడికి చెప్పిందే నేను."

"మెట్లు ఎన్నుంటాయిరా? మధ్యలో కూర్చోడానికి చోటు ఉంటుందా?" అన్నాను. నాకు కావలసింది అంతే.

"చెప్తా చెప్తా. మొదట్నించీ వస్తే గానీ మెట్లు అర్థం కావు. మొదటి రోజు తాజ్‌మహల్. తెల్లారకుండానే లేచాను. నిజం చెప్పాలంటే అందరూ లేచారు, కాకపోతే ముందు లేచింది నేను. క్యూలో మొదటివాణ్ణి నేనే."

"అంతమందిలో మొదటివాడివా అన్నా?" అన్నాడు మెకానిక్.

"గేటు తీసేవాడు నా వెనకాల నించున్నాడయ్యా! సరే, లోపలికెళ్ళాం. అందరూ నోళ్ళు తెరిచి గుమ్మటం చూస్తున్నారు. నా చూపు మాత్రం మూలనున్న స్తంభం మీద పడింది. మనది కుట్టుపని కన్ను గదా, వంకర కనబడితే నిద్ర పట్టదు. బాబూ, ఆ నాలుగోది అరంగుళం పక్కకి పోయింది అన్నాను గైడుతో. వాడు నవ్వాడు. మెళ్ళో టేపు ఎలాగూ ఉంది, పెట్టి చూపించాను. సరిగ్గా అరంగుళం! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎవరో పెద్దాఫీసరు చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొచ్చి, అయ్యా, ఈ మాట బయటికి పొక్కనివ్వకండీ అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు."

"మరి ఆ అరంగుళం అలాగే వదిలేశావా?" అన్నారు మాస్టారు టీ ఊదుకుంటూ.

"మనసొప్పలేదు మాస్టారూ. ఎవరూ చూడకుండా భుజంతో చిన్నగా ఒక్క నెట్టు నెట్టాను."

"మెట్లురా," అన్నాను.

"వస్తున్నా అక్కా! తాజ్‌మహల్ మెట్లు ఒక లెక్కా? కాకపోతే పాలరాయి, అద్దంలా జారుతుంది. మా బస్సులో ఇద్దరు జారితే గాలిలోనే పట్టుకున్నాను, ఈ చేత్తో ఒకర్ని, ఈ చేత్తో ఒకర్ని."

మా అబ్బాయి నా వంక చూశాడు. నేను వాడి వంక చూడలేదు.

"గులాబీ ఊరు వెళ్ళాం. అక్కడ కొండ మీద కోట. కింద ఏనుగు నించుంది, అడుగు తీసి అడుగు వెయ్యనంటుంది. మావటివాడు బతిమాలాడు, అరిచాడు, కొబ్బరిచిప్పలు పెట్టాడు, ఊహూఁ. నేను దగ్గరికెళ్ళి చెవిలో ఒక్క మాట చెప్పాను."

"ఏం చెప్పావు?"

"అది నాకూ ఏనుగుకీ మధ్య విషయం. నేను ఎక్కగానే నడిచింది. సగం దూరం వెళ్ళాక దానికి ఆయాసం వచ్చింది పాపం. అప్పుడు దిగి వెనకనించి నెట్టుకుంటూ తీసుకెళ్ళాను."

"ఏనుగుకే ఆయాసం వచ్చిందా మావయ్యా?" అన్నాడు మా అబ్బాయి. వాడికి నవ్వు రాలేదు.

"ఏనుగుకి వచ్చిందిరా, నాకు రాలేదు!"

మోకాలి మీద చెయ్యి వేసుకుని ఇంకోసారి ప్రయత్నించాను. "పోనీ, ఆ కిటికీల మేడ చూశావా? అది వీధిలోంచే కనబడుతుందటగా. ఏమీ ఎక్కకుండానే చూడచ్చా?"

అవును అక్కా, చూడచ్చు అంటే చాలు. నోరు తెరిచి మూసేంతసేపు పట్టదు.

"ఆ మేడ! ఆ రోజు ఏమైందో తెలుసా? గాలి మేడ అంటారు దాన్ని, తీరా మేం వెళ్ళిన పూట ఆకు కదలడం లేదు. వీధిలో జనం ఉక్కకి అల్లాడిపోతున్నారు. గైడు తల వంచుకున్నాడు. ఇక లాభం లేదని పైపంచె తీసి ఒక్క విసురు విసిరాను. పైనించి కిందిదాకా ప్రతి కిటికీ టపటపా తెరుచుకుంది అక్కా! ఒకటీ రెండూ కాదు, వందలు! లోపల్నించి ఆ చల్లగాలి వీధిలోకి దిగుతుంటే అంగళ్ళలో వేలాడదీసిన బట్టలన్నీ ఒక్కసారి లేచి ఆడాయి."

అబద్ధమని తెలుసు. వాడు చిన్నప్పుడు పలక పగలగొట్టి, పిడుగు పడిందని చెప్పినవాడు. అయినా ఆ బట్టలు లేవడం నాకు కనబడింది, ఒక్క క్షణం కోపం మర్చిపోయాను. మళ్ళీ గుర్తొచ్చింది, వీధిలోంచి చూడచ్చో లేదో వీడు చెప్పనే లేదని.

"ఒరేయ్, నేను పోవాలా వద్దా అన్నది తేలాలిరా. కాస్త తిన్నగా చెప్పు."

"తిన్నగానే చెప్తున్నా కదా! అసలు మెట్లంటే నీలం ఊరివి అక్కా. ఇళ్ళన్నీ నీలం, పైన కోట. కొండ ఎక్కడ ఆగిందో కోట ఎక్కడ మొదలైందో తెలీదు. తల ఎత్తితే టోపీ వెనక్కి పడిపోతుంది. వెయ్యి మెట్లు."

"వెయ్యే?" అన్నాడు మెకానిక్. వాడు అనకుండా ఉండాల్సింది.

"వెయ్యి మొదటి గేటు దాకా! ఆ పైన ఇంకో రెండు వేలు. సగంలో గైడు కళ్ళు తిరిగి పడ్డాడు. వీపు మీద వేసుకున్నాను. ఇంకాస్త పైకెళ్ళాక ఒక పెద్దావిడ, నీ ఈడే అక్కా, నా వల్ల కాదు నాయనా అని కూలబడింది. ఆవిణ్ణి భుజానెత్తుకున్నాను. ఆవిడ సంచీ పంటితో పట్టుకున్నాను. అలా పైకి చేరితే అక్కడ ఫిరంగి. ఎన్ని వందల ఏళ్ళయిందో అది పేలి. ఊరికే, ఎలా ఉందో చూద్దామని వేలు పెట్టానండీ మాస్టారూ, అంతే! ఢామ్మని పేలింది. గుండు ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు మేం సరస్సుల ఊరు చేరేసరికి సరస్సులో నీళ్ళింకా ఊగుతూనే ఉన్నాయి!"

మెకానిక్ తొడ చరుచుకున్నాడు. మాస్టారి టీ ఒలికింది. మా అబ్బాయి మాత్రం జేబులోంచి ఫోను తీశాడు.

"అమ్మా, మావయ్య మాటల్లో ముప్పాతిక కొట్టేద్దాం. అయినా ఏడొందల యాభై మెట్లు మిగుల్తాయి. నీ వల్ల కాదు. వచ్చే ఏడు మోకాలు బాగుంటే చూద్దాం. సీటు ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పేస్తా."

వచ్చే ఏడు మోకాలు బాగవుతుందని వాడికి ఎవరు చెప్పారో! తమ్ముడి వంక చూశాను, ఇప్పుడైనా ఆపుతాడేమోనని. వాడు ఆ ఊపులో మమ్మల్ని చూస్తేగా!

"ఫిరంగి చప్పుడుకి రాజుగారి వంశంవాడు స్వయంగా దిగొచ్చాడు. కోపంగా వస్తాడనుకున్నాను. వచ్చి, అయ్యా, మా తాతల కాలం నించీ దీన్ని పేల్చిన మగాడు లేడు, మా కోటకి తమరే కాపలా ఉండాలి అన్నాడు. కాదనలేకపోయాను. చేతికి కత్తి ఇచ్చారు. ఒక్కణ్ణే, అంత కోటకీ ఒక్కణ్ణే కాపలా..."

వెనక మిషను ఆగింది.

మా మరదలు దారం పంటితో తెంపి లేచి వచ్చింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "కాపలా కాసిన మాట నిజమే వదినా," అంది. "వారమంతా కాశారు. కోటకి కాదు, మా చెప్పులకీ చేతిసంచులకీ."

బెంచీల మీదవాళ్ళందరూ ఆవిడ వైపు తిరిగారు.

"నువ్వు లోపలికి పోవే," అన్నాడు తమ్ముడు.

"పోను. ఇన్నాళ్ళూ ఊరుకున్నాను, ఈయన సరదా ఈయనదని. ఇప్పుడు ఆవిడ ప్రయాణం చెడగొడుతున్నారు. ఈయనకి ఎత్తంటే కళ్ళు తిరుగుతాయి వదినా. మొదటి రోజు తాజ్‌మహల్ దగ్గర మూడు మెట్లెక్కి చెమటలు పట్టి దిగిపోయారు. మీరంతా వెళ్ళిరండి, సామాన్లు నేను చూస్తానన్నారు. ఇక ఏ ఊరెళ్ళినా అంతే. బస్సు ఆగగానే అందరూ సంచులు తెచ్చి ఈయన చుట్టూ పేర్చేవాళ్ళు. ఒక్క గొడుగు పోలేదు, అది మాత్రం చెప్పుకోవాలి."

"మరి ఏనుగు అన్నా?" అన్నాడు మెకానిక్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"దూరం నించి చూశారు," అంది మరదలు. "వదినా, ఆ కొండ కోటకి జీపులు పోతాయి. కిటికీల మేడ రోడ్డు మీద నించునే చూడచ్చు, ఎదురుగా కుర్చీలేసిన టీ కొట్టు కూడా ఉంది. నీలం ఊరి కోటకయితే లిఫ్టుంది."

"లిఫ్టా?" అన్నాం నేనూ మా అబ్బాయీ ఒక్కసారే.

"లిఫ్టే. టిక్కెట్టు కొనుక్కుని నించుంటే పైకి తీసుకుపోతుంది. మా బస్సులో మోకాళ్ళ నొప్పులవాళ్ళందరూ అందులోనే వచ్చారు. ఈయన్ని కూడా బతిమాలి ఎక్కించాను. పైకెళ్ళారు, తలుపు తెరవగానే కళ్ళు గట్టిగా మూసుకుని, అదే లిఫ్టులో కిందికి దిగిపోయారు."

రాజుల కోటకి లిఫ్టు! ఫిరంగి గుండు సరస్సులో పడిందంటే కూడా ఇంత విడ్డూరంగా అనిపించలేదు నాకు. "నువ్వూ మొదలుపెట్టావా అమ్మాయ్?" అన్నాను.

"నా మీద ఒట్టు వదినా."

"ఏమయ్యా," అన్నారు మాస్టారు, "మూడు వేల మెట్లలో ఇప్పుడు ఎన్ని మిగిలాయి?"

"అయినా ఫిరంగి పేలింది," అన్నాడు తమ్ముడు నేల చూపులు చూస్తూ. "కిందనించి విన్నాను."

మా అబ్బాయి అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఆ సీటు మా అమ్మకే ఉంచండి. లిఫ్టుంది కదండీ అక్కడ? ఉందా? ఆఁ, అయితే ఖాయం."

నా కాళ్ళు తేలికయ్యాయి, నోరు మాత్రం ఊరుకోలేదు. "లిఫ్టుందని ఒక్క ముక్క చెప్పడానికి నీకేం వచ్చిందిరా? ఇంకో గుటక టీ తాగి ఉంటే సీటు పోయేది కదా! అక్క మొహం కనబడలేదా నీకు?"

"లిఫ్టుందంటే ఇంక చెప్పడానికేముంది అక్కా?" అన్నాడు. అని, మాస్టారి పంట్లాము తీసి దాని నడుం వంక తెగ శ్రద్ధగా చూడడం మొదలుపెట్టాడు. మరదలు మళ్ళీ మిషను తొక్కింది.

నేను లేచాను. కొట్టుకి ఉన్నది ఒక్కటే మెట్టు, అదీ నాకు కష్టమే. వాడు పంట్లాము పక్కన పడేసి వచ్చి నా మోచెయ్యి పట్టుకుని దింపాడు. క్షమించమంటాడేమో అనుకున్నాను. మా అబ్బాయి ముందు వెళ్ళేదాకా ఆగి, బెంచీల వంక ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"అక్కా, ఆ లిఫ్టు తలుపు తీశాక అక్కడ ఏముందో బాగా చూసొచ్చి, ముందు నాకొక్కడికే చెప్పు. మిగతావాళ్ళకి నేను చెప్పుకుంటాను."